ఇనుము చెప్పేది ఎంతవరకు?

సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో 1984 నుంచి ఆయుధ కర్మాగారం ఉంది. సైన్యం వాడే సారథ్ యుద్ధ వాహనాలు అక్కడే తయారవుతాయి. అటు పటాన్‌చెరు దాకా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు సీరియల్ నంబరు, తయారీ సంవత్సరం, తనిఖీ ముద్ర రోజూ చూసేవే. పాత సైనిక తుపాకులు సేకరించేవాళ్లు మొదట వెతికేదీ వాటినే.

బ్రిటిష్ కాలంలో ఇషాపూర్ కర్మాగారంలో తయారైన త్రీ నాట్ త్రీ రైఫిలునే తీసుకోండి. కొయ్య మడమ మొదలయ్యే చోట ఇనుము మీద కిరీటం గుర్తు, ఇషాపూర్ పేరు, సంవత్సరం కనిపిస్తాయి. బోల్టు మీది నంబరు, తుపాకి నంబరు కలిస్తే రెండూ చాలావరకు తొలినాటి జతే. కలవకపోతే మరమ్మతులోనో మరెక్కడో ఒకదాని బోల్టు ఇంకోదానికి చేరిందన్నమాట. ఆ తుపాకిని ఎవరు మోశారో, ఎవరి మీద పేల్చారో మాత్రం ఏ ముద్రా చెప్పదు.

తెలంగాణలో ఆ ఖాళీ మరీ పెద్దది. 1948 సెప్టెంబరు 18న నిజాం సైన్యం లొంగిపోయేనాటికి సైనికులు, పోలీసులు, రజాకార్లు, రైతు దళాలు, ఇందరి చేతుల్లో తుపాకులున్నాయి. సిడ్నీ కాటన్ అనే పైలట్ కరాచీ నుంచి విమానాల్లో దొంగచాటుగా చేరవేసిన ఆయుధాలు వాటికి అదనం. ఒకే రైఫిలు ఇటు పోలీసుకూ అటు దళానికీ పనిచేసి ఉండొచ్చు.

మన్యం కథ వేరు. 1922 ఆగస్టు 22 నుంచి 24 దాకా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో అల్లూరి సీతారామరాజు దళం 26 కార్బైన్లు తీసుకుంది. తీసుకున్నవి స్టేషన్ డైరీలో రాసి ఆయన సంతకం చేశారు. ఆ రాత వల్లే ఆ కార్బైన్లకు చరిత్ర మిగిలింది.

రాత లేనిచోట వీరుడి పేరు సులువుగా అతుక్కుంటుంది. ఆ పేరుతో తుపాకి విలువ పెరుగుతుంది. కానీ దాన్ని నిజంగా మోసిన కానిస్టేబులు, దాని గుండుకు కూలిన రైతు రెండోసారి మాయమవుతారు. ఆధారం లేని గొప్ప కథ కన్నా ఖాళీగా వదిలిన గడే వాళ్లకు న్యాయం చేస్తుంది.

మీ ఇంట్లో అలాంటి తుపాకి ఉంటే ముద్రలు పోయేలా రుద్దకండి. పెద్దలు చెప్పింది ఒక కాగితం మీద, ఇనుము మీద కనిపించింది ఇంకో కాగితం మీద రాసిపెట్టండి. 1959 ఆయుధాల చట్టం మినహాయించేది బాగుచేసినా పేలని పాతవాటినే. కాబట్టి ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. నూరేళ్లు దాటినదైతే పురావస్తు శాఖకూ తెలపండి.