ఒజ్జ, ఒజ్జబంతి: నీతిబోధకుని నడవడిపై ఒక పదవిచారం

నీతిని బోధించేవానికి తెలుగులో పేర్లు చాలానే ఉన్నాయి. గురువు, ఆచార్యుడు, ఉపాధ్యాయుడు, దేశికుడు అన్నవి సంస్కృతం నుంచి నేరుగా వచ్చాయి. ‘ఒజ్జ’ మాత్రం నేడు కావ్యాలకూ నిఘంటువులకూ పరిమితమైంది. అయినా, తాను ఆచరించని వాని బోధకు విలువ ఉంటుందా అన్న పాత ప్రశ్నను విచారించడానికి ఈ మరుగుపడిన మాటే ఎక్కువ ఉపకరిస్తుంది.

ఒజ్జ ‘ఉపాధ్యాయ’ శబ్దానికి తద్భవం. దీని ప్రాకృత రూపం ‘ఉవజ్ఝాయ’ జైనుల నమస్కార మంత్రంలో నేటికీ వినిపిస్తుంది. ఉత్తరాది ‘ఓఝా’ ఇంటిపేరుకూ మూలమిదే. పుట్టుకను బట్టి ఇది పెద్ద హోదా గల మాట కాదు. మనుస్మృతి రెండవ అధ్యాయం ప్రకారం ఉపనయనం చేసి వేదాన్ని సాంగంగా చెప్పేవాడు ఆచార్యుడు. జీవిక కోసం వేదంలో ఒక భాగాన్నో వేదాంగాలనో చెప్పేవాడు ఉపాధ్యాయుడు. పదిమంది ఉపాధ్యాయుల కన్న ఒక ఆచార్యుడు మిన్న అని కూడా ఆ గ్రంథం లెక్కకట్టింది.

ఆచార్య శబ్దానికి యాస్కుడు నిరుక్తంలో మూడు వ్యుత్పత్తులు చూపాడు: ఆచారాన్ని గ్రహింపజేసేవాడు, అర్థాలను కూర్చేవాడు, బుద్ధిని కూర్చేవాడు. తాను ఆచరించేవాడన్న అర్థం ఈ మూడింటిలోనూ స్పష్టంగా లేదు. సన్మాన సభల్లో తప్పక వినిపించే ‘ఆచరించి చూపేవాడే ఆచార్యుడు’ అన్న నిర్వచనానికి యాస్కుని సాక్ష్యం దొరకదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించిన శిష్యునితో ఆచార్యుడు తమ సత్ప్రవర్తననే అనుసరించమనీ, తక్కినదాన్ని విడిచిపెట్టమనీ అంటాడు. తన నడతలో విడువదగినది ఉండవచ్చునని గురుస్థానం నుంచే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఏది మంచిదో ఎంచుకొనే భారం దీనితో శిష్యునిపై పడింది. ఆ వివేకం ముందే ఉన్నవానికి గురువుతో పనేమిటి?

ఈ చిక్కును ‘ఒజ్జబంతి’ అన్న సమాసం కొంత సడలిస్తుంది. బంతి ‘పంక్తి’కి తద్భవం. పిల్లలు చూసి రాయడానికి ఒజ్జ పైన రాసి ఇచ్చే వరుస ఒజ్జబంతి. మేలుబంతి అన్నా అదే. ఆ వరుస రాతను గురించిన ఉపదేశం కాదు, రాతే. అక్షరం కుదరని వాడు దాన్ని రాయలేడు. కాబట్టి ఆచరణ తప్పనిసరి. కాని ఆ ఆచరణ ఆ వరుస మేరకే. ఒజ్జ జీవితమంతా నిర్దుష్టంగా ఉండాలన్న నియమం ఇందులో లేదు. పిల్లవానికి ముందుగా వివేకం ఉండనక్కరలేదు కూడా. పై వరుసను, తన వరుసను పదేపదే పోల్చుకోవడంలోనే అది ఏర్పడుతుంది.

ఈ పోలిక నీతికి పూర్తిగా అతకదు. దస్తూరి ఒక వరుసలో తేలిపోతుంది. సత్యనిష్ఠ అలా తేలదు. శిష్యుల ఎదుట మాత్రమే నిజం పలికేవాడు సత్యవంతుడు కాడు, నిజాన్ని ప్రదర్శించేవాడు. ఔదార్యం వంటి గుణాన్ని ఒక్క చేష్టలో చూపి నేర్పవచ్చునేమో గాని, సత్యం, విశ్వాసపాత్రత వంటివి ఎవరూ చూడని చోట నిలిచినప్పుడే గుణాలవుతాయి. భాష కూడా ఆ మొదటి అర్థం దగ్గర ఆగలేదు. కాలక్రమంలో ‘ఒజ్జబంతి’కి ఆదర్శం అన్న అర్థం స్థిరపడి, రాసిన వరుసను విడిచి మనుషులకే అన్వయించింది. ఫలానా వ్యక్తి లోకానికి ఒజ్జబంతి అన్నప్పుడు లోకం పోల్చి చూసేది ఒక్క వరుసను కాదు, అతని బ్రతుకునంతటినీ.