విచారణ అనే మాటకు అర్థం



2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆనాటి దివ్యపూజలో రెండవ పఠనం ఏమిటో మీలో ఎంతమందికి జ్ఞాపకం? సామాన్యకాలపు 22వ ఆదివారం, యాకోబుగారి లేఖ మొదటి అధ్యాయం. కష్టంలో ఉన్న అనాథలను, విధవరాండ్రను వెళ్ళి చూడడం దేవుని ఎదుట నిర్మలమైన భక్తి అని అందులోని చివరి వచనం బోధిస్తుంది. మన దేవాలయాల్లో ఆ మాటలు చదువుతున్న ఉదయమే బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చింది. ముందురోజు కురిసిన కుండపోతకు గట్లు తెగాయి. కింది అంతస్తులు మునిగాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పరుగెత్తింది. అంతటి వరద ఆ బ్యారేజీ అంతకుముందు చూడలేదు.

పడవలు పెద్ద వీధుల్లో తిరిగాయి. డ్రోన్లు మేడల మీద పొట్లాలు దించాయి. మంచిదే. కాని లోపలి సందులో, వెనుక వాటాలో, మంచం దిగలేని ముసలమ్మ ఒకతె ఉన్నదని డ్రోనుకు ఎలా తెలుస్తుంది? అది పక్కింటివారికి తెలియాలి. వారికీ తెలియకపోతే ఇక ఎవరికీ తెలియదు.

యాకోబుగారు అక్కడ వాడిన గ్రీకు క్రియ 'ఎపిస్కెప్తెస్థాయ్'. దగ్గరకు వెళ్ళి, కళ్ళతో చూసి, మంచిచెడ్డలు కనుక్కోవడం అని దాని భావం. రోగినైయుండగా నన్ను చూడవచ్చితిరా అని ప్రభువు తీర్పుదినాన అడిగే సందర్భంలో మత్తయిగారు వాడినదీ ఆ క్రియనే. దేవుడు తన ప్రజలను దర్శించాడని జెకర్యా స్తుతించినప్పుడు లూకాగారు వాడినదీ అదే. మేత్రాణులను గ్రీకులో 'ఎపిస్కొపోస్' అంటారు. ఆ పేరూ అదే ధాతువు నుండి పుట్టింది. మన భాషలో పరామర్శ అనే చక్కటి మాట ఉన్నది గాని, దండలు, కార్లు, కెమెరాలు లేకుండా ఆ మాట ఈ రోజుల్లో వినబడడం లేదు.

గ్రీకు దాకా ఎందుకు? మనం మన గుడి పరిధిని ఏమంటాం? విచారణ అంటాం. నన్ను విచారణ గురువు అంటారు. తెలుగులో విచారించడం అంటే యోగక్షేమాలు అడగడం. కోర్టువారు, పోలీసువారు ఆ మాటను తమ పనికి తీసుకున్నారు గాని, మన పెద్దలు ఉద్దేశించింది అది కాదు గదా! ఎవరినీ విచారించని విచారణకు ఆ పేరు ఎలా తగుతుంది?

మన హనుమాన్ జంక్షన్ సంగతే చూడండి. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు రోడ్లు కలిసే కూడలి. ఊరికి పేరిచ్చినది ఆంజనేయస్వామి గుడి. మన పొరుగువారిలో కుటుంబ పుస్తకంలో పేరు లేనివారే ఎక్కువ. పిల్లలు అమెరికాలో ఉండి, ఇంత పెద్ద డాబాలో ఒంటరిగా ఉండే తండ్రి ఒకరు. చేపల చెరువు గట్టు మీద పాకలో పిల్లలతో ఉండే కాపలా కుటుంబం ఒకటి. పొట్ట చేతబట్టుకొని ఒడిశా నుండో బీహారు నుండో వచ్చి, తెలుగు సరిగా రాని కూలీలు కొందరు. గాలివాన రాత్రి వీరి తలుపు ఎవరు తడతారు? పొరుగువాడెవడని శాస్త్రి నిర్వచనం అడిగాడు. ప్రభువు నిర్వచనం ఇవ్వలేదు. ఎవడు పొరుగువాడయ్యాడని తిరిగి అడిగారు. తత్త్వశాస్త్రం చదివిన మాబోటివారికి ఆ జవాబు మొదట్లో కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

"ఫాదరుగారూ, మా ఇంటి రేకులే లేచిపోతే మేమెవరిని చూడగలం?" అంటారు. న్యాయమైన మాటే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, శనివారం వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు సుమారు 10,000 మంది. తెల్లవారితే క్రీస్తురాజు పండుగ. ఆ ఏటి పండుగ సువిశేషం లూకా 23వ అధ్యాయం, మంచి దొంగ ఘట్టం. అతని చేతులకూ మేకులున్నాయి. అయినా తల తిప్పి పక్క సిలువ వైపు చూశాడు. ప్రభువు తప్పు చేయలేదని చెప్పినవాడు, ఆయనతో ఒక మంచి మాట మాట్లాడినవాడు, అక్కడ అతనొక్కడే. తుఫానులో మనందరిదీ ఆ స్థితే. తడవనివాడు వచ్చి తడిసినవాడిని చూసేలోగా ఆలస్యమైపోతుంది. 1990 మే 9న మళ్ళీ పెనుతుఫాను కృష్ణా తీరాన్ని తాకినప్పుడు మృతులు వేయికి లోపే. హెచ్చరిక ముందే అందింది, జనాన్ని ముందే తరలించారు. హెచ్చరిక రేడియోలో వచ్చినా, కదలనన్న తాతను ఒప్పించి లేవదీయడానికి ఒక మనిషి ఇంటికి వెళ్ళవలసిందే.

ఇంకొక సంగతి. మొదటి రోజు అందరూ వస్తారు. పదవ రోజు? బుడమేరు నీరు విజయవాడతో ఆగలేదు. కొద్ది రోజులకు మన దిగువన నందివాడ మండలం పల్లెలను ముంచి, కొల్లేటి దారి పట్టింది. అప్పటికి లోకం దృష్టి ఇంకా సింగ్‌నగర్ మీదే ఉన్నది. మంచి సమరీయుడు గాయాలు కట్టి, సత్రంలో చేర్చి, రెండు దీనారాలిచ్చి, తిరిగి వచ్చేటప్పుడు మిగతాది చూసుకుంటానన్నాడు. మన ప్రసంగాల్లో నూనె, ద్రాక్షారసం గురించి చెప్పినంతగా ఆ తిరిగి రావడం గురించి చెప్పం. నీరు తీసిన తరువాతే జ్వరాలు వస్తాయి, తడిసిన బియ్యం ముక్కిపోతుంది, అప్పులవాడు గుమ్మంలోకి వస్తాడు.

1833లో పారిస్ నగరంలో ఫ్రెడరిక్ ఓజనామ్, ఆయన మిత్రులు పునీత విన్సెంట్ డి పాల్ సభను ప్రారంభించినప్పుడు పేదలను వరుసలో నిలబెట్టలేదు. తామే వారి ఇళ్ళకు వెళ్ళారు. వారానికొక ఇంట జపమాల చెప్పుకొనే మన చిన్న క్రైస్తవ సమాజాలకు ఇది కొత్త పనేమీ కాదు. పది పదిహేను గడపలు, ఏ ఇంట ఎవరున్నారో తెలిసిన ఆడవాళ్ళు.

కనుక మే నెల రాకముందు, మళ్ళీ అక్టోబరు రాకముందు, ప్రతి సమాజం తన వీధి పేర్లు రాసుకోవాలి. మనవారివే కాదు, అందరివీ. ఒంటరివారెవరు, నడవలేనివారెవరు, నెలలు నిండిన తల్లి ఏ ఇంట ఉన్నది, ఇన్సులిన్ ఎవరి ఫ్రిజ్‌లో ఉన్నది, డయాలసిస్‌కు ఏ రోజున ఎవరు వెళ్ళాలి. ఏ తలుపు ఎవరు తట్టాలో ఇద్దరిద్దరికి ముందే అప్పగించండి. గాలి తగ్గిన వెంటనే ఒకసారి, వారం తరువాత మరొకసారి. తెగిపడిన కరెంటు తీగల జోలికి మాత్రం పోవద్దు. జాబితా ఒకటి ఉపదేశిగారి దగ్గర, ఒకటి సమాజ నాయకురాలి దగ్గర ఉండనివ్వండి. ఫోను నంబర్లు కాగితం మీదే రాయండి. కరెంటు పోయిన మూడవ నాటికి సెల్‌ఫోనులోని నంబరు ఎవరికీ కనబడదు.