సత్క్రియలు – ఆత్మపరిపక్వత

క్రైస్తవ వేదాంతంలో సత్క్రియల స్థానాన్ని గురించిన వివాదం ఆ మతమంత ప్రాచీనమైనది. మానవునికి రక్షణ లభించేది కృపచేతనే గాని స్వకార్యాలచేత కాదని ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు బోధించినాడు. ఆ వెంటనే, సత్క్రియలు చేయడానికే మానవుడు సృజింపబడినాడని కూడా చేర్చినాడు. క్రియారూపం దాల్చని విశ్వాసానికి ప్రాణమున్నదని యాకోబు ఒప్పుకొనలేదు. ఆ యాకోబు పత్రిక లూథరుకు ఎంత కొరుకుడు పడలేదంటే, 1522లో ఆయన దానిని గడ్డితో పోల్చినాడు. కాని ఈ చర్చ అంతా చేసేవాని ఆత్మను గురించినదే. ఆ సత్క్రియను పొందేవాని మాట ఏమిటి? అతని ఎదుగుదలకు అది తోడ్పడుతున్నదా, అడ్డుపడుతున్నదా? వేదాంతగ్రంథాలలో అరుదైన ఈ ప్రశ్న రాయపూర్ చుట్టుపట్ల పల్లెలలో నిత్యజీవిత సమస్యగా ఎదురైనది.

1868లో జర్మన్ ఇవాంజెలికల్ మిషన్ సంఘం పక్షాన ఆస్కార్ లోర్ రాయపూర్ చేరినాడు. అస్పృశ్యులుగా ఎంచబడిన సత్‌నామీలు ఆ ప్రాంతంలో అధికం. వారి గురువు ఘాసీదాసు విగ్రహారాధన కూడదనీ, రూపంలేని ఏకైక సత్యనామాన్ని ఆశ్రయించుమనీ బోధించి వెళ్ళినాడు. ఆ బోధలో లోర్‌కు తన విత్తనానికి దున్ని సిద్ధంగా ఉన్న నేల కనిపించినది. (అది ఆయన తలచినంత మెత్తని నేల కాదని త్వరలోనే తేలినది.) ఆయన భూమి కొని ఒక గ్రామాన్ని నెలకొల్పి, విశ్రాంతిస్థానమనే అర్థంలో దానికి బిశ్రాంపూర్ అని పేరు పెట్టినాడు. బడి, వైద్యం, దేవాలయం వచ్చినవి. వాటితోపాటు మాల్గుజారీ హక్కు కూడా మిషన్‌దే అయినది. శిస్తు వసూలు చేసేదీ, మందు ఇచ్చేదీ, పిల్లలకు చదువు చెప్పేదీ, తప్పు చేసినవానికి సంఘశిక్ష విధించేదీ ఒక్క చేయే. విశ్వాసులు ఆ దొరను ‘మాయీ-బాప్’ అన్నారు. తల్లీ అతడే, తండ్రీ అతడే.

ఆ పిలుపులో కృతజ్ఞత ఉన్నది, సందేహం లేదు. కాని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక, బోధకులు కావలసిన కాలం వచ్చినా ఇంకా పాలే కోరుతున్న విశ్వాసులను మందలిస్తుంది. పాలు మాననందుకు బిడ్డను నిందించడం సులభం. పాలు మాన్పించవలసినది తల్లి కదా! బిడ్డకు పళ్ళు వచ్చిన తరువాత కూడా తన ఒడి విడువరాదని కోరే తల్లి ప్రేమలో కొంత స్వార్థం కలిసి ఉంటుంది. అది ఆమెకే తెలియకపోవచ్చు. మాల్గుజారీ పద్ధతిని 1950 నాటి మధ్యప్రదేశ్ శాసనం రద్దు చేసినది. మాయీ-బాప్ అనే భావం శాసనంతో రద్దయ్యేది కాదు.

క్షామకాలంలో ఈ చిక్కు మరింత బిగుస్తుంది. 1897లోను, 1900లోను ఛత్తీస్‌గఢ్‌ను కరవులు పీడించినవి. మిషన్‌లు అన్నం పెట్టినవి, అనాథలను చేరదీసినవి. సంఘాల సంఖ్య కూడా ఆ కాలంలోనే పెరిగినది. వచ్చినవానిని తెచ్చినది ఆకలియా, విశ్వాసమా? బహుశః వానికే తెలియదు. ఇదే ప్రశ్న అంతకు ముందు తెలుగుదేశంలో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌను బాధించినది. 1876–78 క్షామంలో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని గుత్తకు తీసికొని, వేలమందికి దానంగా కాక కూలిగా అన్నం దొరికేటట్లు చేసినాడు. ఆ పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేసినాడు. సహాయధనం ఇక లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చినారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినంలో 2222 మంది బాప్తిస్మం పొందినారు. ఈ పెద్ద సంఖ్యను చరిత్రకారులు తరచు ఉదాహరిస్తారు. అంతకు ముందు ఆయన కాదన్న నెలలే అధికంగా గమనింపదగినవి. ఆకలిగొన్నవాని అంగీకారాన్ని అంగీకారంగా స్వీకరింపకపోవడం వానిని పెద్దవానిగా గౌరవించడమే.

1954లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం నియమించిన నియోగీ సంఘం, బడులు, ఆస్పత్రులు మతాంతరీకరణకు సాధనాలవుతున్నవని 1956లో ఆక్షేపించినది. ఆక్షేపణను పూర్తిగా ఒప్పుకొననక్కరలేదు. ఉద్దేశం కలిసినదని మందు విషం కాదు. రోగికి జ్వరం తగ్గినది నిజమే. అయినా ప్రతిఫలం కోరే సత్క్రియను ఆక్షేపించడానికి క్రైస్తవునికి ప్రభుత్వ నివేదిక అవసరం లేదు. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియరాదన్న బోధ అతని గ్రంథంలోనే ఉన్నది.

ఇంతకంటె కఠినమైనది రాయపూర్–బిలాస్‌పూర్ మార్గంలోని చాంద్‌ఖురీ. అక్కడ 1897లో కుష్ఠరోగులకు ఆశ్రమం వెలసినది. నాడు ఆ రోగానికి చికిత్స లేదు. ఒడి తప్ప ఇవ్వగలది లేదు. 1940ల తరువాత మందులు వచ్చినవి, 1980లలో బహుళౌషధ చికిత్స వచ్చినది; ఆశ్రమం ఆస్పత్రి అయినది. రోగి నయమై ఇంటికి పోవడమే ఇప్పుడు అక్కడి సత్క్రియకు సాఫల్యం. కాని వ్రేళ్ళు పోగొట్టుకొన్న ముసలివాడు నయమైనాడని పత్రం చేత పట్టుకొని తన ఊరికి పోయినప్పుడు, ఇంటివారు తలుపు తీయకపోతే అతడు మరల ఆ ఆస్పత్రి గేటు దగ్గరకే వస్తాడు. నీవు పెద్దవాడవైనావు, పొమ్మని అతనితో ఎవరనగలరు?