గుర్రాలకు నీళ్లు పెట్టిన చేతులు



ఈ వారం వీడియోలో ఒక్క నిమిషంలో చెప్పిన ఘట్టాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

కురుక్షేత్రం, పద్నాలుగో రోజు. సూర్యుడు అస్తమించేలోపు సైంధవుణ్ణి చంపాలి, లేకపోతే తానే అగ్నిలో దూకుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. మన డెడ్‌లైన్లు దీని ముందు ఏ మూలకి! పొద్దు వాలుతోంది. సైంధవుడు ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. అలాంటప్పుడు అర్జునుడు కృష్ణుడితో అంటాడు, గుర్రాలు అలిసిపోయాయి, ఒళ్లంతా బాణాలు దిగి ఉన్నాయి, వీటిని విప్పితే మంచిదేమో అని. కృష్ణుడు సరేనంటాడు. శత్రుసేన మధ్యలో రథం ఆగిపోతుంది! అర్జునుడు నేల మీదికి దిగి ఒక్కడే అందర్నీ నిలువరిస్తాడు. బాణంతో భూమిని చీల్చి మడుగు పుట్టిస్తాడు, బాణాలతోనే చుట్టూ ఇల్లులా కడతాడు. ఆ నీడలో కృష్ణుడు గుర్రాలకు దిగిన బాణాలు లాగేసి, చేతులతో ఒళ్లు నిమిరి, నీళ్లు తాగించి, మేత పెట్టి, అవి తేరుకున్నాకే మళ్లీ రథానికి కట్టాడు. ద్రోణపర్వంలో ఉంది ఇదంతా.

ఇంకో నాలుగు దెబ్బలేస్తే ఇంకాస్త దూరం పరిగెత్తేవి కదా? ఆ లెక్క స్వామి వేయలేదు.

ఎండ్యూరెన్స్ గుర్రప్పందేలని ఉన్నాయి, ఒక్క రోజులో 160 కిలోమీటర్ల దాకా వెళ్లేవి. వాటిలో దారి మధ్యలో పశువైద్యులు ఆపుతారు. ఇచ్చిన సమయంలోగా గుండె వేగం నిమిషానికి 64కి దిగాలి. చర్మం పట్టి వదిలి ఒంట్లో నీళ్లున్నాయా అని చూస్తారు, పేగుల చప్పుడు వింటారు, కాస్త పరిగెత్తించి కుంటుతోందేమో చూస్తారు. రౌతుకి గెలవాలని ఎంతైనా ఉండనీ, గుర్రం ఒళ్లు ఒప్పుకుంటేనే ముందుకు.

మన అరకు, పాడేరు కొండల్లో గుర్రం పందేనికి కాదు, బతుకుకి. రోడ్డు లేని ఊళ్ల నుంచి కాఫీ బస్తాలు దించేది, సంత నుంచి సరుకులు పైకి మోసేది అదే. పోనీ మీద 70 కిలోలకు మించి వేయకూడదని, ఆపకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదని 1965 నుంచీ నిబంధనలున్నాయి. కానీ కొండదారిలో కాటా ఎవరు పెడతారు? యజమాని చెయ్యే కాటా.

ఈ సంగతి నాకు చెప్పింది మా తాతయ్యని చూసుకునే హోమ్ నర్సు. తాతయ్య రైల్వేలో రిటైరై అరకులోనే ఉండిపోయారు. 84 ఏళ్లు, ఊపిరితిత్తుల జబ్బు, ఇంట్లోనే ఆక్సిజన్. ఆ అమ్మాయిది పైకొండ ఊరు, వాళ్ల నాన్నకో గుర్రం ఉంది. ఒకరోజు హాల్లో మా మామయ్య, అమ్మ పెద్ద గొంతులతో వాదించుకుంటున్నారు, ఈసారి ఆయాసం ఎక్కువైతే వైజాగ్ తీసుకెళ్లి వెంటిలేటర్ పెట్టించాలా వద్దా అని. నర్సు నెమ్మదిగా నాతో అంది: "అన్నా, మా నాన్న బస్తా వేసే ముందు రోజూ గుర్రం వీపు తడిమి చూస్తాడు. పుండుంటే ఆ రోజు వేయడు. అది చెప్పలేదు కదా, అందుకు. తాతగారు చెప్పగలరు కదా. ఆయన్నెవరూ అడగరేం?"

నాకు వెంటనే గుర్తొచ్చింది భీష్ముడు.

పదో రోజు అంపశయ్య మీద ఒరిగాక ఆయన తల వేలాడుతోంది. రాజులు మెత్తటి తలగడలు తెచ్చారు. ప్రేమతోనే తెచ్చారు. భీష్ముడు నవ్వి వద్దన్నాడు. అర్జునుణ్ణి పిలిచాడు. అర్జునుడు కన్నీళ్లతో, ఏం చేయమంటావు తాతా అని అడిగి, మూడు బాణాలు కొట్టి తలకి ఆసరా ఇచ్చాడు. తర్వాత దుర్యోధనుడు శల్యవైద్యుల్ని పరికరాలతో సహా తీసుకొచ్చాడు. భీష్ముడు వాళ్లని తిట్టలేదు. వీళ్లకి ధనమిచ్చి, గౌరవించి పంపించు, ఈ స్థితిలో నాకు వైద్యంతో పనిలేదు అన్నాడు. కానీ దాహమేస్తే మాత్రం నీళ్లు అడిగాడు! ఏది వద్దో చెప్పాడు, ఏది కావాలో కూడా చెప్పాడు. నాకు ఈ రెండో సగమే ముఖ్యమనిపిస్తుంది. మన ఇళ్లలో ఈ మాట ఎత్తగానే "అంటే వదిలేయమంటావా" అంటారు. 58 రాత్రులు ఆ శయ్య మీదున్న మనిషిని ఎవరూ వదిలేయలేదు, ఆయన చుట్టూ కూర్చుని ధర్మాలు విన్నారు. మనం ఇంట్లో చదువుకునే విష్ణు సహస్రనామం కూడా ఆ శయ్య మీంచి వచ్చిందే.

ఇది ఆత్మహత్య కాదా అని అడిగేవాళ్ల కోసం ఒక మాట. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, కోలుకునే ఆశ లేని స్థితిలో కృత్రిమంగా ప్రాణం నిలిపే వైద్యం వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కుని ఒప్పుకుంది. మందిచ్చి ప్రాణం తీయడాన్ని ఒప్పుకోలేదు. 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం. అమలు చేసే ముందు రెండు వైద్య బోర్డులు చూడాలి. రాసినవాళ్లు మనసు మార్చుకోవచ్చు కూడా.

కొండల్లో ఈ ప్రశ్న ఇంకా బరువైంది. డోలీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి అంబులెన్సులో పాడేరు, ఘాటీ దిగి కేజీహెచ్. బయలుదేరాక మధ్యలో ఆగి అడగడం కుదరదు. ముందే, ఊపిరి ఆడుతున్నప్పుడే అడగాలి. ఇంట్లోవాళ్లకి నోరు రాదు. రాత్రి రెండింటికి దిండు సర్దే మనిషికి మాత్రం పెద్దవాళ్లు చాలా చెబుతారు. నిర్ణయించేది నర్సు కాదు, డాక్టరుకి బదులుగా మాట్లాడేదీ కాదు. కానీ విన్నది, రోగి ఒప్పుకుంటే, ఇంట్లోవాళ్లకీ డాక్టరుకీ చేర్చగలదు. ఆ అమ్మాయి తాతయ్యని అడిగే రాసుకుంది: ఆక్సిజన్ కావాలి. నొప్పి, ఆయాసం తగ్గించే మందు కావాలి. గొట్టం వద్దు. ఘాటీ దిగను. కిటికీ తెరిచి ఉంచాలి.

తన తరఫున మాట్లాడేవాళ్లుగా అమ్మ పేరూ మామయ్య పేరూ పెట్టమన్నారు తాతయ్య. మామయ్య ఇంకా సరే అనలేదు. పోయిన ఆదివారం మాత్రం వచ్చి మంచం పక్కన కూర్చుని, "నాన్నా, నీకేం కావాలో చెప్పు" అన్నాడు.

"ముందు బత్తాయి రసం" అన్నారు తాతయ్య.

శ్రీకృష్ణార్పణమస్తు.