నిద్రించు చోటు ఊరగునా?

తెల్లవారక ముందే చాట్స్‌వర్త్ వీథులలో దీపములు వెలుగును. కొండవాలుల వెంట మెట్లవలె వరుసదీరిన చిన్న యిండ్ల నుండి స్త్రీలు, పురుషులు భోజనపు డబ్బాలు చేతబట్టుకొని వచ్చి, బస్సు కొరకో టాక్సీ కొరకో రోడ్డు ప్రక్కన నిలుతురు. డర్బన్ నగరమధ్యము అచ్చటికి సుమారు 20 కిలోమీటర్ల దూరము. నగరమునకు ఉత్తర దిక్కున నున్న ఫీనిక్స్‌లోను ఉదయకాలము ఇట్లే గడచును. కార్ఖానాలలో, దుకాణములలో, కార్యాలయములలో దినమంతయు శ్రమించి, చీకటిపడు వేళకు వారు తిరిగి వత్తురు. గేటు మూయుదురు, తాళము వేయుదురు, అలసి నిద్రింతురు. ప్రక్క యింటివారి ముఖము చూడని వారములు కూడ గడచిపోవును.

మనుష్యుడు పగలెల్ల వేరొక చోట గడపి, నిద్రకు మాత్రమే చేరు స్థలమును అతని ఊరని చెప్పవచ్చునా? చెప్పవచ్చునన్నచో, అచ్చటి ఇరుగు పొరుగు పట్ల అతడు తీర్పవలసిన ఋణమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారు ముందుగా పూర్వుల ఇండ్లను స్మరింపవలెను. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ డర్బన్ రేవు చేరెను. 1911 వరకు ఒప్పంద కూలీలుగా సుమారు 1,52,000 మంది నాటాలునకు వచ్చిరి. విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు వారిలో అనేకులు. చెరకుతోటలలో వారికి దొరకినది బారుగా కట్టిన కొట్టములలో ఒక్కొక్క గది. తరువాతి తరమువారిలో కొందరు డర్బన్ పురపాలక సంఘపు కొలువులో చేరి, మ్యాగజీన్ బ్యారక్స్ అను కూలీల వాడలో నివసించిరి. తమిళులు, తెలుగువారు అచ్చట గోడకు గోడ ఆనించుకొని బ్రదికిరి. ఒక యింట బిడ్డ యేడ్చిన పది యిండ్లకు వినబడెడిది. ఒకరి పొయ్యిలోని నిప్పు మరియొకరి పొయ్యిలోనికి పోయెడిది. శవము లేచిన యింట ఆ దినమున పొరుగువారి యన్నమే ఆహారము.

ఆ దినములను తలచుకొని వృద్ధులు నేటికిని నిట్టూర్తురు. కాని నిజము చెప్పవలెనన్నచో, ఆ సహవాసములో అధికభాగము పుణ్యముచేత గాక, ఇరుకుచేత కలిగినది. తలుపు మూసికొనుటకు వారికి వీలులేదు. పొరుగువానిని మరచిపోవుటకు వారికి స్వేచ్ఛ లేదు. ఆ స్వేచ్ఛ తరువాత వచ్చెను. దానితోడనే అసలైన ధర్మపరీక్షయు వచ్చెను.

అది వచ్చిన విధము మాత్రము క్రూరమైనది. 1950లో చేయబడిన గ్రూప్ ఏరియాస్ చట్టము ఏ జాతివారు ఎచ్చట నివసింపవలెనో నిర్ణయించెను. కేటో మేనర్, క్లేర్‌వుడ్, రివర్‌సైడ్, మ్యాగజీన్ బ్యారక్స్ మొదలగు చోట్ల నుండి వేలకొలది కుటుంబములు 1960 దశకమున చాట్స్‌వర్త్‌నకు తరలింపబడెను. 1976 నుండి ఫీనిక్స్ నిండెను. కొన్ని యాలయములు పాతచోటనే మిగిలిపోగా, భక్తులు దూరము నుండి బస్సులలో పోయి పూజలు చేసిరి. క్రొత్త వాడలకు మొదట పేర్లకన్న ముందు అంకెలు వచ్చెను. మూడవ యూనిట్, ఏడవ యూనిట్ అని జనులు తమ ఉనికిని చెప్పుకొనిరి. ఎవరి ప్రక్కన ఎవరుండవలెనో అధికారుల జాబితా నిర్ణయించెను. బంధువులు వేర్వేరు కొండలకు చెదరిపోయిరి.

కావున కొందరిట్లు వాదింతురు: “ఈ చోటును మేము కోరలేదు. ఈ పొరుగువారిని మేము ఎన్నుకొనలేదు. కోరని వానిపట్ల ఋణమెట్లు కలుగును?” ఈ వాదములో న్యాయము లేకపోలేదు. అయినను గృహస్థధర్మమును విచారించినచో వేరొక మాట తోచును. గృహస్థుడు నిత్యము చేయవలసిన పంచమహాయజ్ఞములలో మనుష్యయజ్ఞము ఒకటి. అతిథిని ఆదరించుటయే అది. తిథిని చెప్పి రానివాడు అతిథి యని పెద్దలు ఆ పదమునకు అర్థము చెప్పుదురు. పిలిచి తెచ్చుకొన్నవాడు చుట్టము; పిలువకయే ఎదుటికి వచ్చినవాడు అతిథి. ఆ విధముగా జూచిన, ఎన్నుకొనని పొరుగువాడు నిత్యము గుమ్మమెదుట నున్న అతిథియే. కోరికతో గాక సామీప్యముతో పుట్టిన ఋణమది.

పూర్వులు తోటలను మాత్రము కోరి యుండిరా? అయినను ఆ కొట్టముల యెదుట తులసిని నాటిరి. రాములవారి భజనలు చేసిరి. తమ కూలి డబ్బులలో నుండి పెన్నీలు కూడబెట్టి పాఠశాలలు కట్టిరి. 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించిరి. పరాయిచోటు వారి కృషిచేత ఊరాయెను.

మరికొందరి యాక్షేపణ ఇంతకన్న దయనీయమైనది. నాలుగు గంటలకు లేచి, ఏడు గంటలకు ఇల్లు చేరువానికి పొరుగువానిని పలుకరించుటకు ఓపిక ఎచ్చటిది? అలసినవానిని నిందించుట ధర్మము కాదు. కాని ధర్మము గంటల లెక్కతో కొలువబడునది కాదు. ఒంటరిగా నున్న ముదుసలి యింట దీపము వెలుగకపోవుటను గమనించుటకు ఎంత కాలము పట్టును? గంగమ్మ తల్లికి పెట్టిన అంబలిని రెండు చెంబులు గోడ అవతలకు అందించుటకు ఎంత శ్రమ? బేవ్యూ ఫ్లాట్లలో అద్దె చెల్లింపలేని పేదలను 1999, 2000 సంవత్సరములలో పురపాలకులు వెళ్ళగొట్టబూనినపుడు, పొరుగువారు వచ్చి అడ్డముగా నిలిచిరి. అట్లు నిలిచినవారిలో భారతీయులును, ఆఫ్రికనులును ఉండిరి. వారెవ్వరును తీరిక గలవారు కారు.

పొరుగు అనునది ఎంతదూరము వ్యాపించును? ఇది అన్నిటికన్న కఠినమైన ప్రశ్న. గ్రూప్ ఏరియాస్ చట్టము 1991లో రద్దాయెను. అది గీచిన గీతలు మాత్రము రోడ్లుగాను, వాగులుగాను, మనస్సులలోని భయముగాను నిలిచియున్నవి. ఫీనిక్స్ చెంతనే ఇనాండా, క్వామాషు ఉన్నవి. అచ్చటివారును ఉదయముననే లేచి నగరమునకు పని కొరకు పోవువారే.

2021 జూలైలో క్వాజులు-నాటాల్ యందు దోపిడీలు చెలరేగినపుడు, పోలీసులు కానరాని చోట్ల నివాసులే రోడ్లకు అడ్డుకట్టలు కట్టి కావలి కాచిరి. తన బిడ్డలను, తన యింటిని కాపాడుకొనుట గృహస్థునకు దోషము కాదు. అనేకులు అంతవరకే చేసిరి. కాని ఆ దినములలో ఫీనిక్స్ ప్రాంతమున 36 మంది హతులైరని ప్రభుత్వము ప్రకటించెను. వారిలో అత్యధికులు ఆఫ్రికనులు. కావలి కాచుట వేరు. రోడ్డున పోవువాని చర్మవర్ణమును జూచి దొంగయని తీర్పు చెప్పుట వేరు. ఒకప్పుడు ఇట్టి తీర్పుచేతనే తమ తాత తండ్రులు ఇండ్ల నుండి తరుమబడిరని తెలిసినవారు, ఆ తీర్పును మరియొకరిపై చెప్పుట ఎట్లు తగును? భయము నిజమే కావచ్చును. భయము ధర్మమును రద్దుచేయజాలదు. ఆ మరణములను తలవంచుకొని స్మరించుటయు పొరుగు ఋణములో భాగమే.

1904లో గాంధీ మహాత్ముడు స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమము అచ్చటికి సమీపముననే కలదు. 1985 ఆగస్టులో ఇనాండాలో చెలరేగిన హింసలో అది దగ్ధమాయెను. తరువాత తిరిగి కట్టబడెను. కాలిన గోడలను మరల కట్టుటకు ఇటుకలు చాలును. చెడిన పొరుగును మరల కట్టుటకు ఇరువైపుల వారును గుమ్మము దాటవలెను. ఎవరు ముందు దాటవలెనను తగవు అనవసరము, దాటగలవాడు దాటవలెను.

నిద్రించు చోటు దానంతటది ఊరు కాదు. పట్టా చేతికి వచ్చినను కాదు. గోడ ఎత్తుగా లేచినను కాదు. ప్రక్కనున్నవాడు కనబడినప్పుడు అది ఊరగుట ఆరంభించును. ఇరుకు గదులలో పూర్వులు విధిలేక చూచిన పొరుగువానిని, విశాలమైన గేటు వెనుక నున్నవారు కోరి చూడవలసియున్నది. జూలూ భాషలో ఒకరినొకరు పలుకరించుకొను ‘సావుబోనా’ అను మాటకు ‘నిన్ను చూచితిమి’ అని యర్థము. డర్బన్ పరిసరములలోని తెలుగు బిడ్డలందరు ఆ మాట నెరుగుదురు. చీకటితోనే బస్సుకొరకు నిలిచినవారు ప్రక్కవాని ముఖము చూచి ఆ మాట పలుకుటకు ఒక నిమిషమైనను పట్టదు.