ఒక దినపు పువ్వు



ఇంటి పెరటిలో పెంచదగిన పూలమొక్కలలో డేలిల్లీ ఒకటి. చూచుటకు గడ్డిదుబ్బువలె నుండును. ఆకులు సన్నముగా, పొడవుగా వంగియుండును. దుబ్బు నడుమనుండి కాడలు లేచి, ఒక్కొక్క కాడకు పది పదిహేను మొగ్గలు వేయును. ఉదయమున విచ్చిన పువ్వు ఆ రాత్రికే ముడుచుకొని వాడిపోవును. మరునాడు మరియొక మొగ్గ విచ్చును. ఈలాగు కొన్ని వారములు దుబ్బు పూయుచునే యుండును గాని, ఏ పువ్వునకును రెండవ దినము లేదు.

దీనిని పెంచుట కష్టము కాదు. రోజుకు ఆరు గంటలైనను ఎండ తగులుచు, నీరు నిలువని చోటు చాలును. వేసవి మెండుగానుండు మన సీమలో మధ్యాహ్నపు నీడ మంచిది. చివికిన పశువుల యెరువు వేసి, మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడము విడువవలెను. మొదలును అంగుళముకంటె లోతుగా పూడ్చరాదు.

స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయస్ 1753లో తన గ్రంథమందు ఈ జాతికి హెమెరోకాలిస్ అను పేరు వాడెను. గ్రీకు భాషలో హెమెరా అనగా దినము, కల్లోస్ అనగా అందము. ఒక దినపు అందమని ఆ పేరునకు భావము. మన క్రొత్త నిబంధనయు గ్రీకు భాషలోనే వ్రాయబడెను గదా! విశ్వాసులు దినదినమును ఒకరినొకరు హెచ్చరించుకొనవలెనని చెప్పు హెబ్రీ పత్రిక 3వ అధ్యాయము 13వ వచనములో దినమునకు వాడబడినది ఈ హెమెరా అను మాటయే.

మన సంగతి యేమి? దేవుడు దినములను ఒక్కొక్కటిగా ఇచ్చుచుండగా మనము వాయిదా వేయుచున్నాము. కోతలు ముగిసిన తరువాత ప్రార్థనకు వత్తుమందుము. అమ్మాయి పెండ్లియైన తరువాత కానుక ఇత్తుమందుము. మంచముపట్టిన ముసలమ్మను వచ్చే ఆదివారము చూతుమందుము. ఆదివారము వచ్చునప్పటికి ఆమెను సమాధుల తోటకు మోసికొనిపోవుచుందుము. అరణ్యములో ఇశ్రాయేలీయులలో కొందరు మన్నాను మరునాటికని దాచగా అది పురుగుపట్టెను (నిర్గమ 16). ఆ దినమునకు ఇయ్యబడినది ఆ దినమందే వాడవలెను.

అన్నిటికంటె ఎక్కువగా మనము వాయిదా వేయునది సమాధానపడుట. పొలముగట్టు తగాదాచేత ఏండ్ల తరబడి మాటలులేని అన్నదమ్ములు మన సంఘములలో లేరా? ఒకే మందిరములో ఒకరు ఈ ప్రక్కను, ఒకరు ఆ ప్రక్కను కూర్చుండి, ఒకే రొట్టెలో పాలుపొందుచున్నారు. సూర్యుడు క్రుంకుటకు ముందే కోపము తీరిపోవలెనని అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసెను (4:26). పువ్వునకు ఎంత గడువో, మన కోపమునకును అంతే గడువు.

ఈ మొక్కయొద్ద ఇంకొక సంగతి గలదు. మూడు నాలుగేండ్లు కదల్చక విడిచినయెడల దుబ్బు క్రిక్కిరిసి పూత తగ్గిపోవును. త్రవ్వి, వేళ్లతోకూడ పిలకలను విడదీసి నాటినప్పుడు మరల పూయును. విస్తారముగా పెంచబడు నారింజరంగు రకము సాధారణముగా విత్తనము కట్టదు. అయినను తూర్పు ఆసియానుండి బయలుదేరి 16వ శతాబ్దములోనే ఐరోపా తోటలకు చేరెను. ఎట్లు చేరెను? ఒకరు విడదీసి ఇచ్చుటచేతను, మరియొకరు చేయిచాపి పుచ్చుకొనుటచేతను.

మన పెరటిలో ఇట్టి దుబ్బు ఉన్నయెడల, విడదీసిన మొదటి పిలకను ఎవరి గడపకు కొనిపోవుదుము? ఎవరితో మనకు మాటలు లేవో వారి గడపకే కొనిపోవుదము. దుబ్బు లేకున్న వట్టిచేతులతోనైనను పోవుదము. ముందుగా ఎవరు పలుకరించవలెనని లెక్క చూడవద్దు. ఇంకను ప్రొద్దున్నది. అది క్రుంకకముందే లేచి వెళ్లు మనస్సును ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.