మూలన నిలబెట్టిన కాలు



మా విచారణలో ఒక పెద్దాయనకు మధుమేహం వల్ల మోకాలి కింద కాలు తీసివేశారు. గాయం మానాక కొడుకులు కృత్రిమ కాలు పెట్టించారు. మూడు నెలలకే అది తలుపు మూలకు చేరింది. "ఇంత చేశాం, తొడుక్కోమంటే తొడుక్కోరు. మీరైనా చెప్పండి ఫాదర్‌గారూ" అని పెద్దకోడలు మొరపెట్టుకుంది. నేను వెళ్లి, యజమాని ఇచ్చిన ధనాన్ని భూమిలో పాతిపెట్టిన సేవకుని ఉపమానం వినిపించాను. ఆయన మారుమాట్లాడలేదు. పంచె పైకి తీసి మొండికాలు చూపించారు. చివర తోలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

మొదటి నెలల్లో వాపు తీసి మొండి సన్నబడుతుందట. అప్పుడు సరిపోయిన తొడుగు వదులై ఒరుస్తుంది, మార్పించుకోవాలి. షుగరు ఉన్నవారిలో కొందరికి పుండు పడినా నొప్పి తెలియదు. ఆ పుండు ముదిరితే మళ్లీ కత్తి తప్పకపోవచ్చు. ఇదంతా డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాను, ఉపదేశం చేసి వచ్చిన తర్వాత!

కృతజ్ఞత పేరిట మనం ఏమేమి అడగవచ్చు? ఆ పెద్దాయనకు అర్ధరాత్రి లేని బొటనవేలు మండుతుంది. ఇటువంటి నొప్పిని తత్త్వవేత్త డెకార్ట్ 1641లో ప్రచురించిన గ్రంథంలో ప్రస్తావించాడు. ఇంద్రియాలు మనలను మోసగించగలవనడానికి ఆయనకు అదొక నిదర్శనం. సెమినరీలో పరీక్ష కోసం నేనూ అలాగే రాశాను. కాని పునీత తోమాసు అక్వినాసు బోధ వేరు. నా ఆత్మ ఒక్కటే నేను కాను, ఈ దేహమూ నేనే. అలాగైతే కాలు పోయినవాడు వస్తువును కాదు, తనలో కొంత పోగొట్టుకున్నాడు. కొత్త కాలు ఇచ్చాం గనుక పాత కాలి కోసం ఏడవవద్దనే హక్కు ఇచ్చినవారికి ఎక్కడిది?

1968లో జైపూర్‌లో హస్తకళాకారుడు రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి ఒక పాదాన్ని రూపొందించారు. అంతకుముందు వాడుకలో ఉన్న పాదాలకు బూటు కావాలి. వాటితో మన రైతు బురదలో దిగలేడు, గొంతుక్కూర్చోలేడు, బాసింపట్టు వేయలేడు. వారు మనిషిని పాదానికి సరిపెట్టలేదు, పాదాన్ని మనిషి బ్రతుకుకు సరిపెట్టారు. విశ్రాంతి దినము గురించి ప్రభువు పరిసయ్యులతో చెప్పినదీ ఇటువంటిదే. నేను మాత్రం ఆ ఇంట్లో పరిసయ్యుల పక్షాన మాట్లాడి వచ్చాను.

తొడుగు మార్పించారు. ఇప్పుడు ఆదివారం పూజకు కాలు తొడుక్కునే వస్తారు. ప్రతిష్ఠ వేళ మోకరించలేరు. అనారోగ్యం వల్ల మోకరించలేనివారు, గురువు మోకరించినప్పుడు వంగి నమస్కరిస్తే చాలునని తిరుసభ నియమమే చెబుతోంది. ఆయన అలాగే చేస్తారు. దివ్యసత్ప్రసాదానికి వచ్చేటప్పుడు వెనుక వరుస నెమ్మదిస్తుంది. కుర్రవాళ్లు అసహనంగా కదులుతారు.

పోయిన ఆదివారం ఊతకర్రలతో, ఒంటికాలితో వచ్చారు. కోడలు పక్కనే ఉంది, ఏమీ అనలేదు. నేను చూడటం గమనించి ఆయనే నవ్వారు.

"ఇవాళ దానికి సెలవు, ఫాదర్‌గారూ."